పళ్ళున్నప్పుడే చదవాల్సిన పాఠం

"పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు" అని మనకో సామెత ఉంది. చిన్నప్పుడు దీన్ని డబ్బు గురించి చెప్పిన మాటగానే విన్నాను. ఇప్పుడు థర్డ్ ఇయర్‌లో కూర్చుని ఆలోచిస్తే అక్షరాలా పళ్ళ గురించే చెప్పారేమో అనిపిస్తోంది. మనమంతా శనగల కోసమే చదువుతున్నాం కదా! ప్లేస్‌మెంటు, ఉద్యోగం, జీతం. ఆ శనగలు చేతికొచ్చేనాటికి వాటిని నమిలే పళ్ళు ఎలా ఉంటాయన్నది చాలావరకు ఈ నాలుగేళ్ళ హాస్టల్ అలవాట్ల మీదే ఆధారపడి ఉంటుంది. ఇంట్లో అయితే "పళ్ళు తోముకున్నావా?" అని అడిగేందుకు అమ్మ ఉంటుంది. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు.

నేను డెంటల్ స్టూడెంట్‌ని కాదు, ఈసీఈ. "మరి నీకెందుకీ పళ్ళ గోల?" అంటారా? మాది నల్గొండ జిల్లా. నా ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలుంటాయి. అవెలా వచ్చాయో కింద చెప్తాను. వాటి గురించి తెలుసుకుందామని మొదలుపెడితే చదువు ఎక్కడెక్కడికో పోయింది. చదివేకొద్దీ ఇదేమీ మనకి దూరమైన సబ్జెక్టు కాదని అర్థమైంది. ఇందులో ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీ ఉంది, మెటీరియల్ సైన్స్ ఉంది, డ్యూటీ సైకిల్ ఉంది, అన్నిటికంటే ఎక్కువగా మెయింటెనెన్స్ ఉంది.

మొత్తం పాఠంలో గుర్తుంచుకోవాల్సిన మాట ఒక్కటే. పళ్ళ జబ్బుల్లో నొప్పి మొదటి హెచ్చరిక కాదు, దాదాపు ఆఖరిది. "నొప్పి లేదు కాబట్టి ప్రాబ్లమ్ లేదు" అనుకోవడం దగ్గరే మనలో చాలామంది పళ్ళు పోగొట్టుకుంటారు. ఎందుకో చూద్దాం.

పన్ను ఎలా కట్టారు?

పన్ను పైన తెల్లగా కనిపించే పొర ఎనామిల్. స్కూల్ పుస్తకాల్లో పింగాణీ పొర అని చదివాం. మన ఒంట్లో ఇంతకంటే గట్టి పదార్థం లేదు, ఎముక కూడా దీని తర్వాతే. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్.

ఇంత గట్టిదానికి ఒక పెద్ద లోపం ఉంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎందుకంటే వాటిలో జీవకణాలు ఉంటాయి. ఎనామిల్‌ని తయారుచేసే కణాలు మాత్రం పన్ను చిగురులోంచి బయటికి వచ్చేసరికే పోతాయి. అంటే బిల్డింగ్ పూర్తవగానే మేస్త్రీలందరూ ఊరు వదిలి వెళ్ళిపోయినట్టు. తర్వాత గోడకి చిల్లు పడితే పూడ్చేవాళ్ళు లోపల ఎవరూ లేరు.

ఎనామిల్ కింద డెంటిన్ ఉంటుంది. ఇది కొంచెం మెత్తన. ఇందులో కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు లోపలికి పోతుంటాయి. ఐస్‌క్రీమ్ తింటే పన్ను జివ్వుమనేది ఈ గొట్టాలు బయటపడ్డప్పుడే. అన్నిటికంటే లోపల పల్ప్ అనే మెత్తటి గుజ్జు. నరాలు, రక్తనాళాలు ఉండేది అక్కడే. ఎనామిల్‌లో నరం లేదు. అందుకే ఎనామిల్ కరిగిపోతున్నంత కాలం మనకి ఏమీ తెలియదు. నొప్పి ఆలస్యంగా రావడానికి మొదటి కారణం ఇదే.

పుచ్చు: ఎంత తిన్నామని కాదు, ఎన్నిసార్లు తిన్నామని

పుచ్చు పన్నులో పురుగు ఉంటుందని ఊళ్ళలో అంటారు. నిజానికి పురుగేమీ లేదు, ఉన్నది బ్యాక్టీరియా. పొద్దున్నే నాలుకతో పళ్ళని తడిమితే జిగటగా తగులుతుందే పాచి, అది వట్టి మురికి కాదు, బ్యాక్టీరియా కట్టుకున్న కాలనీ. 1683లో హాలండ్‌కి చెందిన లీవెన్‌హుక్ తన పళ్ళ సందుల్లోంచి ఈ పాచిని గీకి తను చేసుకున్న మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. అందులో కదులుతున్న జీవుల్ని చూసి ఆశ్చర్యపోయి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. మనిషి బ్యాక్టీరియాని కళ్ళారా చూసిన తొలి సందర్భాల్లో ఒకటి పళ్ళ పాచిలోనే అన్నమాట.

ఈ బ్యాక్టీరియా మనం తిన్న చక్కెరని తిని యాసిడ్‌ని వదులుతుంది. నోట్లో పీహెచ్ మామూలుగా 7కి దగ్గరగా ఉంటుంది. తీపి తిన్న కొన్ని నిమిషాల్లోనే పాచి కింద అది పడిపోతుంది. సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి రావడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం రంగంలోకి దిగుతుంది. యాసిడ్‌ని తటస్థం చేసి, పోయిన ఖనిజంలో కొంత మళ్ళీ పన్నులోకి చేరుస్తుంది. ఇలా పీహెచ్ పడి మళ్ళీ పైకి లేవడాన్ని 1940లలో రాబర్ట్ స్టెఫాన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కొలిచి గ్రాఫ్ గీశాడు. ఇప్పటికీ దాన్ని స్టెఫాన్ కర్వ్ అనే అంటారు. మళ్ళీ మామూలుకి రావడానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది.

అంటే రోజంతా రెండు పనులు పోటీపడుతుంటాయి: కరగడం, పూడటం. ఏది ఎక్కువసేపు జరిగితే అదే గెలుస్తుంది.

ఇప్పుడు హాస్టల్ రోజు ఒకటి తీసుకుందాం. పొద్దున టీ, బిస్కెట్లు. టిఫిన్‌తో కాఫీ. పదకొండింటికి క్యాంటీన్‌లో టీ. లంచ్ తర్వాత చాక్లెట్. సాయంత్రం టీ, క్రీమ్ బన్ను. ఏడింటికి కూల్ డ్రింక్. డిన్నర్‌లో స్వీటు. అర్ధరాత్రి అసైన్‌మెంట్ రాస్తూ ఇంకో టీ. మొత్తం ఎనిమిది సార్లు. ఒక్కోసారికి 40 నిమిషాలు వేసుకున్నా 320 నిమిషాలు. మెలకువగా ఉండే 16 గంటల్లో, అంటే 960 నిమిషాల్లో, మూడో వంతు మన పళ్ళు యాసిడ్‌లో నానుతున్నాయి. ఈసీఈ భాషలో చెప్పాలంటే 33 శాతం డ్యూటీ సైకిల్. అదే తీపిని నాలుగుసార్లకి సర్దుకుంటే 17 శాతానికి దిగుతుంది. ఇది మనిషిని బట్టి మారే ఉజ్జాయింపు లెక్కే. అయినా విషయం అర్థమైంది కదా? చక్కెర మొత్తం పెద్దగా తగ్గకపోయినా, సార్లు తగ్గితే పన్నుకి ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది.

ఇది మనుషుల మీద తేల్చిన విషయం కూడా. స్వీడన్‌లో లుండ్ పట్టణంలోని విపెహోల్మ్ మానసిక వైద్యశాలలో 1940లలో మొదలుపెట్టి కొన్నేళ్ళు ఒక ప్రయోగం చేశారు. భోజనంతో పాటు చక్కెర తీసుకున్నవాళ్ళకి పుచ్చు పెద్దగా పెరగలేదు. భోజనాల మధ్యలో పళ్ళకి అంటుకునే టాఫీలు తిన్నవాళ్ళకి విపరీతంగా పెరిగింది. ఈ రోజు పళ్ళ గురించి ప్రపంచమంతా చెప్పే సలహాలో సగం అక్కడి నుంచి వచ్చిందే. కానీ ఆ రోగులకి తమ మీద ఏం చేస్తున్నారో చెప్పలేదు, వాళ్ళ అనుమతి తీసుకోలేదు. వాళ్ళ పళ్ళు పాడయ్యాయి. ఆ ప్రయోగం ఈనాటికీ వైద్య నీతి పాఠాల్లో తప్పుకి ఉదాహరణగా నిలిచింది. అంత ఖరీదు పెట్టి తెలిసిన విషయాన్ని మనం ఊరికే వదిలేయకూడదు అనిపిస్తుంది నాకు.

కూల్ డ్రింకులు, ఎనర్జీ డ్రింకుల సంగతి ఇంకా ఘోరం. వాటిలో చక్కెరే కాదు, యాసిడ్ కూడా ముందే కలిసి ఉంటుంది. కోలాల పీహెచ్ 2.5 దగ్గర ఉంటుంది. షుగర్ లేని డ్రింకు అయినా ఆ యాసిడ్ పోదు. బాటిల్ పక్కన పెట్టుకుని కోడింగ్ చేస్తూ గంటన్నర సేపు గుక్క గుక్క తాగడం కంటే, తాగాలనిపిస్తే భోజనంతో పాటు ఒకేసారి తాగేసి నోరు నీళ్ళతో పుక్కిలించడం మేలు.

నొప్పి ఏ మెట్టు మీద వస్తుంది?

పుచ్చు ఒక్కరోజులో పడదు. మెట్టు మెట్టుగా దిగుతుంది.

మొదటి మెట్టు: పన్ను మీద సుద్దలాంటి తెల్ల మచ్చ. చిల్లు ఇంకా పడలేదు. నొప్పి లేదు. ఇక్కడ జాగ్రత్తపడితే ఫ్లోరైడ్ పేస్టుతో, తీపి సార్లు తగ్గించడంతో దీన్ని ఆపొచ్చు, చాలాసార్లు వెనక్కి కూడా తిప్పొచ్చు. డ్రిల్లింగ్ అవసరం లేకుండా బయటపడే మెట్టు ఇదొక్కటే.

రెండో మెట్టు: ఎనామిల్‌లో చిల్లు. నల్లగా కనిపించొచ్చు, రెండు పళ్ళ మధ్య అయితే కనిపించకపోవచ్చు. తిన్నది ఇరుక్కుంటుంది. ఇంకా నొప్పి లేదు. ఇక్కడ ఫిల్లింగ్‌తో సరిపోతుంది, ఒక సిట్టింగ్‌లో అయిపోతుంది.

మూడో మెట్టు: డెంటిన్‌లోకి దిగింది. చల్లటిది, తీపిది తగిలితే జివ్వుమంటుంది, వెంటనే తగ్గిపోతుంది. ఇప్పటికైనా వెళ్తే ఫిల్లింగ్‌తో బయటపడే అవకాశం ఎక్కువ.

నాలుగో మెట్టు: పల్ప్‌కి చేరింది. చల్లటి నీళ్ళు తాగాక నొప్పి నిమిషాల తరబడి ఉంటుంది. రాత్రి పడుకుంటే పోటు ఎక్కువవుతుంది. మనం "పన్ను నొప్పి" అనేది సాధారణంగా దీన్నే. ఇక్కడ రూట్ కెనాల్ చేయాలి, అంటే లోపలి గుజ్జుని తీసేసి, శుభ్రం చేసి, నింపి, పైన క్యాప్ వేయాలి. ఫిల్లింగ్ కంటే ఖర్చు చాలా రెట్లు, సిట్టింగులూ ఎక్కువ.

ఐదో మెట్టు అన్నిటికంటే మోసకారి. ఒక రోజు నొప్పి దానంతటదే ఆగిపోతుంది. "తగ్గిపోయింది రా" అని సంబరపడతాం. తగ్గలేదు, నరం చచ్చిపోయింది. చెప్పేవాడు పోయాడు గానీ ఇన్‌ఫెక్షన్ మాత్రం వేరు చివరి నుంచి ఎముకలోకి పోతూనే ఉంటుంది. కొన్ని వారాలకో నెలలకో చీము గడ్డగా, దవడ వాపుగా బయటపడుతుంది.

చిగుళ్ళు: నొప్పి లేకుండానే పోయేవి

పుచ్చు కంటే నిశ్శబ్దమైనది చిగుళ్ళ జబ్బు. తోముకునేటప్పుడు ఉమ్మిలో రక్తం కనిపిస్తే "గట్టిగా తోమానేమో" అనుకుని ఆ చోట తోమడమే మానేస్తాం. చేయాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం. ఆరోగ్యంగా ఉన్న చిగురు మెత్తటి బ్రష్‌కి రక్తం కార్చదు. రక్తం వస్తోందంటే అక్కడ పాచి పేరుకుని చిగురు వాచిందని అర్థం.

దీని మీద ఒక మంచి ప్రయోగం ఉంది, అందులో పాల్గొన్నవాళ్ళలో ఎక్కువమంది మనలాంటి స్టూడెంట్సే. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హారల్డ్ లో అనే డెంటల్ ప్రొఫెసర్ 1965లో ప్రచురించాడు. ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మందిని పళ్ళు తోముకోవడం మానేయమన్నారు. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అందరికందరికీ చిగుళ్ళ వాపు వచ్చింది. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక వారం రోజుల్లోపే దాదాపు మామూలైంది. రెండు విషయాలు తేలాయి: చిగుళ్ళ వాపు తెచ్చేది పాచే, మొదట్లో అయితే అది పూర్తిగా తగ్గుతుంది.

మొదట్లో అయితే అన్న మాట ముఖ్యం. పాచిని తీయకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి అది రాయిలా గట్టిపడుతుంది. అదే గార. కింది ముందు పళ్ళ లోపలివైపు నాలుకతో తడిమి చూడండి, గరుకుగా తగిలితే అదే. లాలాజల గ్రంథుల ద్వారాలు అక్కడికి దగ్గరగా ఉండటం వల్ల గార ముందు అక్కడే కడుతుంది. గారని ఏ బ్రష్షూ తీయలేదు. అది ఉన్నంతకాలం దాని మీద కొత్త పాచి, దాని కింద వాపు. ఏళ్ళు గడిచేకొద్దీ పన్నుని పట్టుకున్న ఎముక అరిగిపోతుంది. అరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు. నలభై, యాభై ఏళ్ళకి పుచ్చు లేని పళ్ళు కూడా కదిలి ఊడిపోవడం వెనక కథ ఇదే. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే వాళ్ళకి ఈ మాట తప్పకుండా చెప్పండి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపు తప్పుతుంది.

గార తీయడాన్ని స్కేలింగ్ అంటారు. "స్కేలింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి" అనే మాట మా ఊళ్ళోనూ విన్నాను, హాస్టల్లోనూ విన్నాను. అందులో నిజం లేదు. గార పేరుకున్న పళ్ళ మధ్య ఖాళీలని ఆ రాయే నింపి ఉంటుంది. అది తీసేశాక సందులు కనిపిస్తాయి, నాలుగు రోజులు జివ్వుమంటుంది, అంతే. వదులు చేసింది స్కేలింగ్ కాదు, అంతకుముందు కొన్నేళ్ళు కూర్చున్న గార. మన బ్రాంచి వాళ్ళకి ఆసక్తి కలిగించే సంగతి ఇంకోటి: డాక్టర్లు వాడే అల్ట్రాసోనిక్ స్కేలర్లలో చాలావాటిలో ఉండేది మనం చదివిన పీజో ఎలక్ట్రిక్ క్రిస్టలే. దాని కొన సెకనుకి 25,000 కంటే ఎక్కువ సార్లు కంపిస్తుంది. ఆ కంపనానికి గార పెళ్ళలుగా ఊడిపోతుంది.

జ్ఞానదంతం: సరిగ్గా మన వయసులోనే

జ్ఞానదంతాలు సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ళ మధ్య వస్తాయి. జ్ఞానం వస్తుందో లేదో గానీ దంతం మాత్రం బీటెక్‌లోనే వస్తుంది. చాలామందికి దవడలో దానికి చోటు చాలదు. సగం బయటికి వచ్చి, సగం చిగురు కింద, కొన్నిసార్లు పక్క పన్నుని తోస్తూ ఇరుక్కుపోతుంది. దాని మీద చిగురు మూతలా ఉండిపోతే ఆ మూత కింద అన్నం మెతుకులు, పాచి చేరి వాచిపోతుంది.

పోయిన సెమిస్టర్ పరీక్షల ముందు మా వింగ్‌లో ఒకతనికి ఇదే వచ్చింది. "మామా, నోట్లో రెండు వేళ్ళు కూడా పట్టట్లేదురా" అని వచ్చాడు. అప్పటికే మెడికల్ షాపులో అడిగి ఏదో యాంటీబయాటిక్ రెండు రోజులు వేసుకుని, కాస్త తగ్గగానే ఆపేశాడట. మూడో రోజుకి చెంప బూరెలా పొంగింది. సీనియర్ ఒకాయన వాడిని పొద్దున్నే డెంటల్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ శుభ్రం చేసి, సరైన మందులు రాసి, వాపు తగ్గాక ఎక్స్‌రే తీసి పన్ను తీసేశారు. ఒక పరీక్ష మాత్రం పోయింది.

అన్ని జ్ఞానదంతాలూ తీయించాల్సిన పనిలేదు. నిటారుగా వచ్చి, తోముకోవడానికి అందుతూ, ఇబ్బంది పెట్టకపోతే ఉంచుకోవచ్చు. కొంచెం నొప్పి, వాపు మొదలైతే గోరువెచ్చని ఉప్పు నీళ్ళతో పుక్కిలించి డాక్టర్‌ని కలవండి. కానీ జ్వరం, నోరు తెరుచుకోకపోవడం, మింగడం కష్టమవడం, దవడ కింద గట్టి వాపు ఉంటే అది ఆ రోజే, ఆ గంటే హాస్పిటల్‌కి పోవాల్సిన పరిస్థితి. ఆ వాపు గొంతులోకి దిగితే ఊపిరికే ప్రమాదం. ఇంకోటి: నొప్పి మాత్రని పన్ను పక్కన చిగురు మీద అదిమి పెట్టకండి, మాత్ర చిగురుని కాలుస్తుంది. దాన్ని నీళ్ళతో మింగాలి.

చారలున్న పళ్ళు మురికి పళ్ళు కావు

ఇప్పుడు నా పళ్ళ సంగతి. మా జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు భూమి కింద ఉన్న గ్రానైట్ రాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. బోరు నీళ్ళలోకి అది కరుగుతుంది. తాగే నీళ్ళలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఫరవాలేదని మన దేశ ప్రమాణం. మా వైపు చాలా ఊళ్ళ బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పెద్దల్లో ఎముకలు వంకరపోయినవాళ్ళు ఉన్నారు. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్ జబ్బుని మొదట గుర్తించి రాసింది కూడా తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నంతో నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. ప్రపంచంలో ఎక్కడో ఆఫ్రికాలో ఉన్న వాళ్ళు కూడా మా జిల్లా పేరు పలుకుతారంటే కారణం అది. ఇప్పుడు కృష్ణా నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి, మా తర్వాత పుట్టిన పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి.

ఫస్ట్ ఇయర్‌లో నన్ను ముగ్గురు నలుగురు అడిగారు, "బ్రష్ చేయవా బ్రో?" అని. సరదాకే అన్నారు. కానీ ఫోటోల్లో పెదాలు మూసి నవ్వడం నాకు అప్పటి నుంచే అలవాటైంది. తర్వాత డెంటల్ డాక్టర్ చూసి "చారలు వేరు, పుచ్చు వేరు. నీకు పుచ్చు ఒక్కటీ లేదు" అన్నారు. ఈ చారలు ఎనామిల్ తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళలోపు, ఎక్కువ ఫ్లోరైడ్ తాగడం వల్ల పొర లోపలే పడతాయి. ఎంత తోమినా పోవు. తోమి పోగొట్టాలని చూస్తే ఎనామిల్ అరుగుతుంది. వద్దనుకుంటే డాక్టర్ దగ్గర చికిత్సలున్నాయి, లేకపోతే అలాగే ఉండొచ్చు. మీ క్లాసులో మా వైపు నుంచో, కనిగిరి వైపు నుంచో వచ్చిన వాళ్ళుంటే ఆ ప్రశ్న అడిగే ముందు ఒక్కసారి ఇది గుర్తు చేసుకోండి.

"మరి ఫ్లోరైడ్ చెడ్డదైతే పేస్టులో ఎందుకు?" అని అడగొచ్చు. మోతాదులోనే అంతా ఉంది. పేస్టులోని ఫ్లోరైడ్ పన్ను పైపొరలో చేరి, యాసిడ్‌కి అంత తేలిగ్గా కరగని ఖనిజంగా మారుస్తుంది. మన దగ్గర పేస్టుల్లో అది సాధారణంగా 1000 పీపీఎం దాకా ఉంటుంది. మనం మింగం, ఉమ్మేస్తాం. పెద్దయ్యాక పళ్ళ మీద కొత్తగా చారలు పడవు. చిన్నపిల్లలు మింగేస్తారు కాబట్టి వాళ్ళకి మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు.

వక్క, గుట్కా, ఖైనీ

దీని గురించి లెక్చర్ ఇవ్వను. ఒక్క విషయం చెప్తాను. "పొగాకు లేదు, వట్టి వక్కే కదా" అనేవాళ్ళ కోసం. వక్క దానంతటదే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. క్యాన్సర్ కంటే ముందు ఇంకోటి వస్తుంది: బుగ్గల లోపలి చర్మం తాళ్ళలా బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. కారం తగిలితే మంట. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి కూడా వస్తుంది. ఒకసారి బిగుసుకున్నాక పూర్తిగా మామూలు కాదు. నిలువుగా మూడు వేళ్ళు మీ నోట్లో పడుతున్నాయా లేదా ఇప్పుడే చూసుకోండి. పడకపోతే డాక్టర్‌కి చూపించండి. నోట్లో రెండు వారాలు దాటినా మానని పుండు, ఎర్ర మచ్చ, తెల్ల మచ్చ ఉన్నా అంతే.

తోముకోవడం: అందరికీ వచ్చనుకునే పని

మా నాయనమ్మ ఇప్పటికీ యాప పుల్లే వాడుతుంది. "పుల్ల నమిలినన్ని రోజులు నా పండు ఒక్కటి కదల్లేదు బిడ్డా" అంటుంది. ఆవిడ పుల్ల నమలడానికి పావుగంట తీసుకుంటుంది. మనం బ్రష్‌కి తీసుకునేది నలభై సెకన్లు. తేడా పుల్లలో కంటే ఆ ఓపికలో ఎక్కువ ఉందని నా అనుమానం. ఆవిడ తీపి తినేది కూడా పండక్కే. కచ్చిక, బొగ్గు, ఇటుక పొడి మాత్రం వద్దు, అవి గరుకు కాగితంలా ఎనామిల్‌ని అరగదీస్తాయి. నల్లగా ప్యాకెట్లో వచ్చే చార్‌కోల్ పొడి పేరు మారిన బొగ్గే.

పద్ధతి ఇది. మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్. పన్ను, చిగురు కలిసే గీత దగ్గర 45 డిగ్రీల కోణంలో పెట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తోమాలి. రంపంతో కోసినట్టు అడ్డంగా కాదు. బయటివైపు, లోపలివైపు, నమిలే వైపు, మొత్తం రెండు నిమిషాలు. తర్వాత నురుగు ఉమ్మేయండి, చెంబెడు నీళ్ళతో కడిగేయకండి. కాస్త ఫ్లోరైడ్ పళ్ళ మీద ఉండనివ్వండి. పులుపు తిన్నాక, కూల్ డ్రింక్ తాగాక వెంటనే తోమకండి, మెత్తబడిన ఎనామిల్ అరుగుతుంది. అరగంట ఆగండి. మూడు నెలలకో, కుచ్చు విచ్చుకున్నప్పుడో బ్రష్ మార్చండి. పళ్ళ సందుల్లోకి బ్రష్ పోదు, అక్కడికి ఫ్లాస్ దారం. పిన్నీసు, పెన్ను మూత కాదు.

మౌత్‌వాష్ పుక్కిలించి వెళ్ళిపోయే వాళ్ళకి లీవెన్‌హుక్ జవాబు ఎప్పుడో చెప్పాడు. వెనిగర్‌తో పుక్కిలించినా పాచిలో పైపైన ఉన్న జీవులే చచ్చాయి, లోపలివి బతికే ఉన్నాయని ఆయన గమనించాడు. కాలనీని ముందు బ్రష్‌తో చెదరగొట్టాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

రోజుకి ఒక్కసారే గట్టిగా తోమగలను అనుకుంటే అది రాత్రి తోమండి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. అంటే కరిగించేవాళ్ళు డ్యూటీలో ఉంటారు, పూడ్చేవాళ్ళు సెలవులో ఉంటారు. అర్ధరాత్రి టీ తాగి అలాగే పడుకోవడం పళ్ళకి మనం చేసే అతి పెద్ద ద్రోహం.

ఎక్కడికి వెళ్ళాలి?

ఏడాదికి ఒకసారైనా నొప్పి లేనప్పుడే చూపించుకోండి. డబ్బు గురించి వెనకాడేవాళ్ళకి: హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల ఆసుపత్రుల్లో కూడా బయటి క్లినిక్‌ల కంటే చాలా తక్కువకి చేస్తారు. మనలాంటి స్టూడెంట్సే, ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. టైమ్ కొంచెం ఎక్కువ పడుతుంది, క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి. పరీక్షల ముందు కాకుండా సెమిస్టర్ మొదట్లో వెళ్తే ఇంకా మంచిది.

చివరిగా ఒక చిన్న పని అప్పజెప్తున్నాను. మీ రూమ్‌లో ఎవరో ఒకరు నాలుగు రోజులు పన్ను నొప్పితో మూలిగి, ఐదో రోజు "నొప్పి తగ్గిపోయిందిరా, డాక్టర్ అవసరం లేదు" అంటారు. అలా అన్నప్పుడే వాళ్ళని వెంటబెట్టుకుని డెంటల్ హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు, వాళ్ళకి తెలియదు.